గుట్ట మీద నుంచి తీసిన ఫొటో

మొన్న ఆదివారం మా మనవరాలు, వచ్చే నెల గండికోటకు పోయి ఫొటోలు తీయాలని ముచ్చటపడి, ఏ లెన్స్ కొనాలో, ఏ స్టాండు కొనాలో చెప్పమని నా మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. తొంభై దాటిన మనిషిని ఒకరు సలహా అడగడమే గొప్ప సంగతి గనక నేను కూడా హుషారుగా లేచి కూర్చున్నాను. స్టాండు గురించి అరగంట సేపు మాట్లాడి ఉంటాను. మోయడానికి సుఖంగా ఉండేది నిలబెట్టినప్పుడు వణుకుతుందని, పెన్న లోయ అంచున గాలికి తేలికపాటి కాళ్ళు నిలవవని, నడిమి కడ్డీ పైకి లాగకుండానే కంటి ఎత్తుకు వచ్చేదాన్ని చూసుకోమని, అప్పటికీ కదిలితే ఒక రాయిని గుడ్డలో మూటగట్టి కింద వేలాడదీయమని చెప్పాను. ఆ పిల్ల అన్నీ రాసుకుంది. తర్వాత ఫోనులో ఒక పొడవాటి లెన్స్ బొమ్మ చూపించి, దీంతో తీస్తే అవతలి ఒడ్డున ఉన్న మనిషి ముఖం కూడా స్పష్టంగా వస్తుందట తాతా, తీసినట్టు వాళ్ళకు తెలియను కూడా తెలియదట అన్నది. నేను కళ్ళు మూసుకుని వెనక్కి వాలాను. అలసిపోయాననుకుని దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. ఆ మాట నన్నెందుకు పడుకోబెట్టిందో ఇంట్లో ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు. నా ఈడు వాళ్ళు ఇంకా కొందరైనా ఇలాంటివి చదువుతూ ఉంటారని, కరువంటే ఏమిటో వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదని, ఇక్కడ రాస్తున్నాను.

యాభైల మొదట్లో, కర్నూలు ఇంకా రాజధాని కాకముందు, అక్కడొక కాలువల ఆఫీసులో ప్లాన్లు గీసే చిన్న ఉద్యోగం నాది. మా సొంత ఊరు కడప దగ్గర. యుద్ధంలో పనిచేసి వచ్చిన మా మేనమామ, ఏ దేశంలో సంపాదించాడో గాని, ఒక జర్మనీ కెమెరా తెచ్చి, తనకు దాని కిటుకులు అంతుపట్టక నా చేతిలో పెట్టాడు. దాన్ని కంటికి ఆనించి చూడటం కాదు, పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైన ఉన్న గాజు పలకలో బొమ్మను చూసుకోవాలి. ఆ పలకలో ఎడమ కుడిగా, కుడి ఎడమగా కనిపిస్తుంది. లెన్స్ ఊడదీసి వేరే లెన్స్ తగిలించుకోవచ్చునన్నది దాని ప్రత్యేకత. కర్నూల్లో ఒక స్టూడియో నడిపే పెద్దాయన, నేను చాచా అని పిలిచేవాణ్ణి, నాకు ఫిల్ము కడగడం, ప్రింటు వేయడం నేర్పాడు. ఉన్న లెన్సే చాలునని, మనిషి కావాలంటే నాలుగడుగులు ముందుకు నడవమని, కొండ కావాలంటే నాలుగడుగులు వెనక్కి నడవమని ఆయన మాట. నేను వింటేనా.

నాకు గండికోట లోయంతా ఒక్క ఫొటోలో పట్టాలని పిచ్చి. దానికి వెడల్పుగా చూసే లెన్స్ కావాలి. ఏడాదిపాటు కాఫీ హోటలు మానేసి, దానికోసమే మద్రాసు పోయాను. అక్కడ కెమెరాలమ్మే కొట్టతను ఆ లెన్స్‌తో పాటు పదమూడున్నర సెంటీమీటర్ల పొడుగు లెన్స్ ఒకటి తీసి, ఊరికే చూడండి అని నా కెమెరాకు తగిలించాడు. తల వంచి చూస్తే, రోడ్డుకు అవతల కిళ్ళీ కొట్టు ముందు నిలబడిన ఒక ముసలాయన, తనలో తాను ఏదో తలచుకుని నవ్వుకుంటున్నాడు. బోసినోట్లో మిగిలిన ఒక్క పన్ను కూడా కనబడింది. ఆయనకు నేనున్నట్టే తెలియదు. ఒక మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా ఉంటాడో అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి, ఒంట్లో ఏదో జివ్వుమంది. గండికోటను అక్కడే మరిచిపోయి ఆ పొడుగు లెన్స్ కొనుక్కుని రైలెక్కాను. అది కరువు రెండో ఏడు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆ లెన్స్‌కు స్టాండు తప్పనిసరి, చెయ్యి రవంత కదిలినా బొమ్మ చెదిరిపోయేది. మద్రాసులో మడిచి సంచిలో వేసుకునే అల్యూమినియం స్టాండు ఉన్నది గాని, వేలితో తడితే తీగలా ఊగింది. కడపలో మా వడ్రంగి చేత టేకుతో మూడు కాళ్ళు చేయించి, కొసలకు ఇనుప మొలలు కొట్టించి, చాచా దగ్గర మూలపడిన పాత స్టాండు తలకాయ దానికి బిగించుకున్నాను. భుజాన వేసుకుంటే నాగలి మోసినట్టుండేది. నిలబెడితే మాత్రం కదిలేది కాదు. దాన్ని చూసి నేను పొందిన గర్వం తలచుకుంటే ఇప్పుడు నవ్వు కూడా రావడం లేదు.

మా అమ్మకు అక్క, మా పెద్దమ్మది ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె. ఆమెకు పిల్లలు లేరు. ఐదో ఏట నుంచి పదో ఏట దాకా నన్ను సాకింది ఆమే. ఆ ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, కొర్రన్నమో జొన్నరొట్టో తినకుండా పోవడం నేను చూడలేదు. మా పెద్దనాయన ఆ ఊళ్ళో మాట చెల్లే మనిషి. కరువు ముదిరి ఊరి బడి దగ్గర గంజి కేంద్రం పెట్టినప్పుడు, అధికారుల పక్కన నిలబడి పేర్లు రాయించింది ఆయనే. మా ఇంట్లోవాళ్ళ పేర్లు అక్కర్లేదు, పాతరలో జొన్నలుండాయి అని చెప్పాడట. భూమిలో తవ్వి ధాన్యం దాచుకునే ఆ పాతర అప్పటికే అడుగంటిందని పెద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా.

ఒక ఆదివారం ఆ పల్లె గుట్టల మీది బండరాళ్ళను తీద్దామని పొద్దున్నే బస్సెక్కాను. ముందు ఫొటోలు, తర్వాత పెద్దమ్మ ఇంట్లో భోజనం అని లెక్క వేసుకున్నాను. ఆ ఏడాది ఆ ఇంట్లో భోజనం ఉంటుందా అన్న ఆలోచన నాకు రాలేదంటే నన్ను మీరేమనుకున్నా అనుకోండి. బడి వెనక గుట్ట మీది గుండురాయి ఎక్కితే, కేక వేస్తే వినబడేంత దూరంలో గంజి కోసం నిలబడిన వరుస కనిపించింది. ఎండిన ముఖాలు, మట్టి ముంతలు, సత్తు గిన్నెలు. బండరాళ్ళ సంగతి పక్కకు పెట్టి, స్టాండు కాళ్ళు రాతి సందుల్లో దిగ్గొట్టి, పొడుగు లెన్స్ తగిలించాను.

వరుస కొసన ఒకామె ముఖమంతా కొంగు కప్పుకుని, చేతిలోని దాన్ని కొంగు కిందే దాచి నిలబడి ఉన్నది. వంటాయన ఆమె పేరు అడక్కుండా, తల ఎత్తకుండా గరిటెడు పోశాడు. ఆమె తిరిగింది. గాలికి కొంగు జారింది. ఒక చేతిలో ఇత్తడి చెంబు, రెండో చెయ్యి కొంగు కోసం గాలిలో వెతుకుతున్నది. ఆ గాజు పలకలో మనిషి ఎడమ కుడిగా కనబడుతుంది గనక పోల్చుకోలేదని చెప్పుకోవచ్చు. తర్వాత చాలామందికి అలాగే చెప్పాను. కానీ పోల్చుకున్నాను. ఆ చెంబుతో నాకు నీళ్ళు పోసి స్నానం చేయించిన మనిషిని పోల్చుకోకుండా ఎలా ఉంటాను? పోల్చుకున్న తర్వాతే మీట నొక్కాను. ఫిల్ము తిప్పి, ఫోకస్ సరిచూసుకుని, మళ్ళీ నొక్కాను. ఆ క్షణంలో నా మనసులో ఉన్నది అయ్యో పెద్దమ్మా అన్న మాట కాదు, వెలుతురు ఎంత బాగా పడింది అన్న మాట.

ఆపైన స్టాండు భుజాన వేసుకుని, గుట్టకు అవతలి వైపు దిగి, ఆ ఇంటికి పోకుండా రోడ్డు మీదికి నడిచి బస్సెక్కాను.

చాచా ప్రింటు వేసి, తడి కాగితం ఆరగట్టి, దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఎవరప్పా ఈయమ్మ?"

"ఎవరో చాచా, పల్లెలో ఆమె."

"అడిగినావా తీసేముందు?"

"అడిగినా."

ఆయన నా వైపు చూడలేదు. "అడిగింటే మనిషి ఇట్ల ఉండదే," అని మెల్లగా అని, మిగతా ప్రింట్లు కడగడానికి వెళ్ళిపోయాడు. అక్కడితో ఆపి ఉన్నా సరిపోయేది. నేను దాన్ని మద్రాసులో ఒక వారపత్రిక పోటీకి పంపాను. మొదటి బహుమతి వచ్చింది. పేజీ నిండా అచ్చువేసి, కింద నా పేరుతో పాటు నేను రాసి పంపిన పల్లె పేరు కూడా వేశారు. ఆఫీసులో పెద్ద గుమాస్తా టీ తెప్పించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ రోజు నేను పొందిన సంతోషం అబద్ధం కాదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెట్టేది.

తర్వాతి సంగతులు అమ్మ ఉత్తరాల వల్ల తెలిశాయి. ఆ ఊరి బడి అయ్యవారు పత్రిక తెప్పించుకునేవాడు. ఆయన చెడ్డ ఉద్దేశంతో చూపించలేదట, ఊరి పేరు అచ్చయిందన్న సంబరంతో అరుగు మీద నలుగురికీ చూపించాడు. ఆ నలుగురిలో మా పెద్దనాయన ఉన్నాడు. మూడు నెలలుగా తన గిన్నెలో ఇన్ని ఆకులు, ఇంత పులుపు కలిసి వస్తున్నది ఇంటి జొన్న అంబలి కాదని, ధర్మానికి పోసిన గంజి అని, ఆయన ఒక ఫొటో చూసి తెలుసుకున్నాడు. ఆమె తాను సగం తాగి, సగం ఆయనకు వండినట్టు పెట్టేదట. ఆయన ఇంట్లోకి పోయి వాకిలి మూశాడు. ఆమె మళ్ళీ గంజికి పోలేదు, ఆయన పోనివ్వలేదు. పది పన్నెండు రోజుల్లో ఇద్దరూ నడవలేని స్థితికి వస్తే, మిగిలిన ఒక్క జత ఎద్దులను అమ్ముకుని, మా అమ్మ దగ్గరకు కడప వచ్చేశారు. ఉన్న ఊళ్ళో తల ఎత్తుకు తిరిగిన మనిషి మరదలి ఇంటి వసారాలో మంచం వేసుకున్నాడు.

అమ్మ రమ్మని మూడు ఉత్తరాలు రాస్తే గాని నేను పోలేదు. పెద్దనాయన నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెద్దమ్మ బాగా చిక్కిపోయింది. నాకు కంచం పెట్టి, ఎదురుగా పీట వేసుకుని, అన్నం కలపకుండా కూర్చున్న నన్ను కాసేపు చూసింది.

"తిను నాయనా."

నేను కంచంలో చెయ్యి పెట్టాను.

"ఆపొద్దు నువ్వు గుట్ట అవతలికి పోతాంటే చూసినా. వెనకనుంచే పోల్చుకున్యా. పిలుద్దామంటే చేతిలో చెంబు ఉండె, సిగ్గయింది." కంచం నా వైపు జరిపింది. "పొద్దున్నే ఏం తిని బస్సెక్కినావో ఏమో. పిల్చి ఇంత గంజి పోసింటే బాగుండునే అని శానా దినాలు అనుకున్యా."

ఆమె వసారా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మీ పెద్దనాయనతో, నువ్వు తెలీక తీసినావని చెప్పినా. ఎవురన్నా అడిగితే నువ్వూ అట్లే చెప్పు. తెలిసి తీసినావంటే ఆయన తట్టుకోల్యాడు."

ఆ పూట అన్నం తిన్నాను. తినకపోతే ఆమె బాధపడుతుందని తిన్నానని చెప్పుకుంటాను గాని, నిజానికి ఆకలేసి తిన్నాను. కర్నూలు పోయిన వారానికే ఆ లెన్స్‌ను అడిగినవాళ్ళకు ఇచ్చేశాను. అది పశ్చాత్తాపమని అప్పట్లో నాకు నేనే గొప్పగా చెప్పుకున్నాను. చేయవలసిన పని, పెద్దనాయన మంచం దగ్గర కూర్చుని నిజం చెప్పడం. అది చేయలేదు.

వానలు పడ్డాక వాళ్ళు తమ పల్లెకు పోయారు. కొన్నేళ్ళకు, కర్నూలు రాజధాని కూడా అయిన తర్వాత, పెద్దనాయన జబ్బుపడి పెద్దాసుపత్రిలో చేరాడు. పగలంతా నేనే దగ్గర ఉండేవాణ్ణి. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ నీళ్ళకోసం బయటికి పోయినప్పుడు, అన్నేళ్ళలో మొదటిసారి ఆయన ఆ మాట ఎత్తాడు.

"నువ్వు తెలీకనే తీసినావు కదప్పా, ఆ పటం?"

మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి.

"తెలీకనే పెద్దనాయనా."

"నాకు తెలుసులే," అన్నాడు. "తెలిసింటే నువ్వట్ల చేస్తావా? ఊరికే నిన్ను ఇన్నాళ్ళు దూరం పెడితి." నా చెయ్యి వెతికి పట్టుకుని, నిద్రపట్టేదాకా వదల్లేదు. పెద్దమ్మ నీళ్ళతో వచ్చి, మా చేతులు చూసి, కిటికీ పక్కన కూర్చుంది. ఆయన ఆ వారమే పోయాడు. ఆమె మరో పదకొండేళ్ళు బతికింది. ఆ ఊసు మా మధ్య మళ్ళీ రాలేదు.

ఇప్పుడా వైపు విమానాలు దిగుతున్నాయట. ఆ గుట్ట సగం కంకరకు పోయిందని, తార్రోడ్డు మీద మోటారు సైకిళ్ళకు అడ్డూ ఆపూ లేదని చెబుతారు. బియ్యం ఇళ్ళకే వస్తున్నాయి. కొంగు చాటున గంజి తెచ్చుకోవలసిన గతి ఏ ఇల్లాలికీ లేదు, నేను కళ్ళారా చూసిన మార్పులన్నిటిలో ఇదే గొప్పది. ఫొటో అంటే ముఖం తిప్పుకునేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. ఎవరిని ఎవరు తీస్తున్నారో, అది ఎక్కడెక్కడికి పోతున్నదో పట్టించుకునే తీరిక లేదు. వద్దనడానికి నేనెవర్ని? కానీ ఒకడు తెలిసి చేసిన తప్పును, తెలియక చేశాడని చెప్పి, ఆ బరువు తాను మోసుకుంటూ ఒకే ఇంట్లో బతికేసిన మనుషులు ఉండేవాళ్ళు. నన్నలా ఒకామె కాపాడింది. నా తొంభై ఏళ్ళలో నేను ఒక్కరినైనా అలా కాపాడానా అని ఈ వారమంతా వెతుక్కుంటున్నాను. ఇంకా ఎవరూ గుర్తుకు రాలేదు.