ఊపు కాదు, వణుకు

మా బాపు ఫ్రెంచ్ హార్న్ వాయిస్తాడు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పెళ్లిబ్యాండుల్లో ఆ బాజా ఉన్నది ఆయన ఒక్కడి దగ్గరే. గుండ్రంగా చుట్టుకుపోయిన ఇత్తడి గొట్టం అది. ఎడమచేతి వేళ్లు మీటల మీద ఉంటాయి, కుడిచెయ్యి వెడల్పాటి మూతి లోపల ఉంటుంది. ఆ లోపలి అరచేతిని కాస్త కదిలిస్తే స్వరం ఊగుతుంది. చదువుకున్నవాళ్లు దాన్ని వైబ్రాటో అంటారు, మా బ్యాండువాళ్లు ఊపు అంటారు. అప్పగింతల పాటలో బాపు ఊపు అందుకున్నాడంటే, అప్పటిదాకా మటన్ సరిగ్గా వడ్డించలేదని మూతి ముడుచుకుని కూర్చున్న మేనత్తలు కూడా కొంగుతో కళ్లొత్తుకునేవాళ్లు.

కిందటేడు ఆ ఊపు పెరిగింది. "అన్నా, ఈ నడుమ మస్తు ఊపుతున్నవ్" అని క్లారినెట్ వాయించే ఆయన మెచ్చుకుంటే బాపు నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. పొద్దున బాపు చేతిలో చాయ్ కప్పు సాసర్ మీద టకటకలాడటం వినేదాన్ని నేను. అసలైన ఊపు పాటను బట్టి నడుస్తుంది. ఇది ఏ పాటకైనా ఒక్కటే వేగం. హయత్‌నగర్ దవాఖానలో డాక్టరు నరాల జబ్బన్నాడు, మందులకు నెమ్మదిస్తుంది కానీ పోదన్నాడు. బయటికొచ్చాక బాపు ఒక్కటే మాట అన్నాడు.

"బ్యాండోళ్లకు చెప్పకు బిడ్డా. ఊపే అనుకోనియ్."

డీజే డబ్బాలొచ్చి మా పెళ్లిళ్లను సగం మింగేశాయి. అప్పుడే బొంగులూరు వైపు ఒక కొత్త స్కూల్లో పిల్లలకు బ్యాండు నేర్పే మనిషి కావాలని తెలిసింది. బాపు దాని మీద పాణం పెట్టుకున్నాడు. బరాత్ ఊరేగింపుల వెంట నడవలేక అడుగుతున్నానని బయట చెప్పాడు. నాతో అన్నది వేరు: "పిల్లలకు నేర్పితె, గీ బాజా నాతోనే ఆగిపోదు గద."

నా స్కూటీ మీద తీసుకెళ్లాను. పరీక్ష పెట్టేది మిలిటరీ బ్యాండులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. మాట మెత్తన, చూపు కాదు.

"పాటలు వద్దండి. ఒక్క స్వరం నిటారుగా పట్టుకోండి, చాలు."

పాటలైతే దాటేసేవాడు బాపు. ఊపిరి పీల్చి ఊదాడు. స్వరం లేచింది, లేచిన వెంటనే ఊగింది.

"ఊపకండి."

"అలవాటు సార్. పెండ్లి బాజా గద."

సంగీతం రుచి తెలియనివాడనిపించుకోవడానికి బాపు ఒప్పుకున్నాడు కానీ రోగి అనిపించుకోవడానికి ఒప్పుకోలేదు. మళ్లీ ఊదాడు, మళ్లీ ఊగింది. ఈసారి కుడిచెయ్యి మూతిలోంచి పూర్తిగా బయటికి తీసి ఊదాడు. వణుకు పోయింది కానీ స్వరం పైకి ఎగిరి రేకుడబ్బా మోతలా వచ్చింది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి పెట్టకుండా వాయించే బాజా కాదు కదండీ ఇది."

బాపు మెడ మీద చెమట కనిపిస్తోంది. నేను ఆగలేకపోయాను. లేచివెళ్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుని నా కుడిచెయ్యి ఆ మూతిలో పెట్టాను. చిన్నప్పుడు బాపుతో నాకది ఆట. అరచెయ్యి ఎంత మూయాలో నాకు తెలుసు. బాపు నా వైపు చూడకుండానే ఊదాడు.

స్వరం గీత గీసినట్టు వచ్చింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ శబ్దం. ఇలాగే ఉండు, ఇలాగే ఉండు అని లోపల మొక్కుకుంటున్నాను. అంతలో నా మణికట్టు అదిరింది. ఆపాలనుకున్నకొద్దీ ఎక్కువైంది. స్వరం మళ్లీ ఊగింది.

బాపు పెదవి తీసేశాడు. పెద్దాయన నా చేతిని, ఆ తర్వాత బాపు ఒళ్లో పడి ఉన్న చేతిని చూశాడు. అది బట్ట మీద దానంతట అదే కొట్టుకుంటోంది.

"ఎన్నాళ్ల నుంచి ఉందండీ?" అన్నాడు.

"ఊపా సార్? చిన్నప్పటిసంది."

"ఊపు గురించి కాదండి."

నేను చెప్పేస్తానేమోనని బాపు భయపడ్డట్టున్నాడు, నా భుజం నొక్కాడు. తర్వాత తనే అన్నాడు: "ఏడాదాయె. గా ఆఖరుది మాత్రం నా వణుకు గాదు సార్. బిడ్డది."

వణుకు అన్న మాట ఆయన నోట పరాయివాళ్ల ముందు వినడం నాకదే మొదటిసారి.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పిల్లలు చెప్పింది వినరండి, చేసింది చూసి నేర్చుకుంటారు. మీ చెయ్యి ఎలా ఉంటే వాళ్లు అలా పెడతారు. తీసుకోలేను." నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో వెతికితే దొరకలేదు.

తిరుగు దారిలో బాజా పెట్టె స్కూటీ ముందు నా కాళ్ల మధ్య ఉంది. ఏడాదిగా బాపు వెనక కూర్చున్నప్పుడల్లా కుడిచెయ్యి జేబులో పెట్టుకునేవాడు. ఆ రోజు ఇబ్రహీంపట్నం బస్టాండు దాటాక ఆ చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. నా ఎముక దాకా తెలుస్తోంది దాని అదురు.

"గిది ఊపు గాదు బిడ్డా."

"ఎరుకే బాపు."

ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.