పట్టిసీమ లాంచి ఆనవాలు

నవ్వండి, నవ్వండి. నవ్వడం అయ్యాక నాకో టీ చెప్పండి, అసలు సంగతి చెబుతాను. ఆదివారం సభలో జరిగింది ఊరంతా పాకిందని నాకూ తెలుసు. పొద్దున్న రేవులో స్నానానికి దిగితే ముక్కూ మొహం తెలియనివాడు కూడా నన్ను చూసి నవ్వాడండీ! కానీ మీరు విన్నది సగమే. సోమవారం జరిగింది ఇంకా ఎవరికీ తెలీదు.

మొదట్నుంచీ చెబుతాను. ఈమధ్య మన రాజమండ్రిలో ఒకడు బయల్దేరాడు కదా! మగాళ్ళు కొట్లకెళ్ళే వేళ చూసుకుని ఇళ్ళకొస్తాడు. తెల్లటి పంచె, నుదుట బొట్టు, చేతిలో గొడుగు. చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుందట. "అమ్మగారూ, అయ్యగారు పంపించారండి. రేడియో రిపేరుకి తెమ్మన్నారండి" అంటాడు. అయ్యగారి పేరు, కొట్టు ఏ వీధిలో ఉందో, ఆ పూట ఏ రంగు చొక్కా వేసుకెళ్ళారో అన్నీ సరిగ్గా చెబుతాడు. ఇంకేముంది, రేడియో వెళ్ళిపోతుంది.

మా పక్కింటి సూర్యనారాయణగారి రేడియో అలాగే వెళ్ళింది. అంతటితో ఆగాడా? బట్టల కొట్టుకెళ్ళి, "నేను సూర్యనారాయణగారి బావమరిదినండి, వారి ఖాతాలో రాసుకోండి" అని పట్టుపంచెలు కూడా పట్టుకుపోయాడు. పాపం ఆయన మా అరుగు మీద కూర్చుని ఒకటే గోల. "రామ్మూర్తిగారూ, పేరు నాదీ, పంచెలు వాడివీనండి! నా పేరు నాకంటే వాడికే బాగా పనికొస్తోందండి!"

నాకు చప్పున మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ రోజుల్లో ఎవర్నైనా పంపి పుట్టింటినుంచి ఏదైనా తెప్పించుకోవాలంటే ఆనవాలు చెప్పి పంపేది. అంటే ఇద్దరికే తెలిసిన ముచ్చట ఒకటి. "పెరట్లో పనసకాయ కొడుతుంటే నీ గాజు పగిలింది, అదే ఆనవాలు" అని వచ్చినవాడు చెబితేనే అవతలివాళ్ళు వస్తువు ఇచ్చేవాళ్ళు. దీన్నే మళ్ళీ ఇంటింటా పెట్టిస్తే? పేరు ఎవడైనా చెప్పగలడు, ఊరు ఎవడైనా చెప్పగలడు, ఆనవాలు ఎలా చెబుతాడు?

మా వర్తక సంఘం సెక్రటరీ పాపయ్యగారికి ఈ మాట చెబితే ఎగిరి గంతేశారు. "ఆదివారం సభ పెడదామండి! మీరే మాట్లాడాలి. తుని నుంచి బెల్లం వర్తకులు వీర్రాజుగారు కూడా వస్తున్నారు, వాళ్ళ ఊళ్ళోనూ ఇదే గొడవట. మీకు శాలువా, వెండి గ్లాసూ ఇద్దామండి" అన్నారు. నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇత్తడి సామాన్లు అమ్ముతున్నానే గానీ, నాకంటూ ఎవరూ వెండి గ్లాసు ఇచ్చింది లేదు. వెంటనే ఒప్పేసుకున్నాను.

ఊరికి చెప్పేముందు మన ఇంట్లో అమలు చెయ్యాలి కదా. వంటింట్లోకి వెళ్ళి, "మనిద్దరికే తెలిసిన ముచ్చట ఒకటి చెప్పు కామేశ్వరీ" అన్నాను.

మా ఆవిడ వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే, "పట్టిసీమ లాంచి" అంది.

నేను గబగబా వంటింటి తలుపు దగ్గరికేశాను. ఎందుకంటారా? రేవులో నా కబుర్లు మీరూ వింటూనే ఉన్నారుగా. కుర్రతనంలో గోదారి అవతలి గట్టుకి ఈదుకెళ్ళి, తాటిముంజలు తిని, మళ్ళీ ఈదుకుంటూ వచ్చేవాణ్ణని! సరే, ఇప్పుడు దాచేదేముంది. నాకు మోకాల్లోతు దాటితే కాళ్ళు వణుకుతాయి. పెళ్ళైన కొత్తలో శివరాత్రికి పట్టిసీమ వెళ్ళాం. నడిగోదార్లో గాలికి లాంచి ఓ పక్కకి ఒరిగింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో మా ఆవిడ కొంగు పట్టుకుని, "కామేశ్వరీ, నన్ను వదలకే!" అని అరిచాను. ఇంజను చప్పుడులో ఇంకెవరికీ వినపడలేదు. ఆవిడ జంతికలు తింటోంది. తింటూనే, "వదలనులెండి" అంది.

"ఇంకేదైనా చెప్పవే" అని బతిమాలాను.

"ఇంకేది చెప్పినా మా అక్కకో, మీ చెల్లెలికో తెలుసు. ఇదొక్కటే మనకి మాత్రమే తెలుసు. ఎవడొచ్చి 'అయ్యగారు భయపడి అమ్మగారి కొంగు పట్టుకున్నారు' అంటాడో వాడికే వస్తువిస్తాను. ఒక్క ముక్క తేడా వచ్చినా ఇవ్వను" అంది. పద్ధతి నేను తెచ్చిందే కదా, సరేనన్నాను.

ఆదివారం వచ్చింది. గుత్తివంకాయ కూరతో భోజనం చేశానండి. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, నా పైవరస కట్టుడు పళ్ళు. కాకినాడ వెళ్ళి గుట్టుచప్పుడు కాకుండా కట్టించుకొచ్చాను. కొత్తవి కదా, చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయని తీసి గ్లాసుడు నీళ్ళలో పడేసి కాస్త నడుం వాల్చాను. లేచేసరికి ఆలస్యమైపోయింది. హడావిడిగా పట్టు కండువా వేసుకుని, అత్తరు రాసుకుని, రిక్షా ఎక్కేశాను. వేదిక మీద కూర్చున్నాక, ప్రార్థన గీతం పాడుతుండగా నాలుక పైచిగుళ్ళకి తగిలింది. పళ్ళు లేవు! నోటికి కండువా అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఏం చెయ్యాలి? లేచి వెళదామంటే ఏ క్షణంలో పిలుస్తారో తెలీదు. ఊళ్ళోవాళ్ళనెవర్నైనా పంపితే పళ్ళ గుట్టు రట్టవుతుంది. పక్క కుర్చీలో చూద్దును కదా, తుని వీర్రాజుగారు! పొరుగూరు మనిషి. రేపు పొద్దున్న వెళ్ళిపోతాడు. పైగా సొంత కారు, తనే నడుపుకుంటూ వచ్చాడు. ఆయన చెవిలో పళ్ళ సంగతీ, ఆనవాలు పద్ధతీ ఊదాను.

"దానికేముందండి, చిటికెలో తెస్తాను. నా ప్రసంగం ఆఖర్నే కదండి" అన్నాడు మహానుభావుడు. "ఆనవాలేంటండి మరి?"

అక్కడండీ నేను చేసిన తెలివితక్కువ పని! ఉన్నదున్నట్టు చెబితే ఈయన తునిలో చెబుతాడు, తునిలో ఎవరో రైలెక్కి రాజమండ్రిలో చెబుతారు, నా ఈత కాస్తా గోదాట్లో కలుస్తుంది. అందుకని చిన్న మార్పు చేశాను. "పట్టిసీమ లాంచిలో మా ఆవిడ భయపడి నా కండువా పట్టుకుంది, అని చెప్పండి" అన్నాను. లాంచి ఉంది, భయం ఉంది, పట్టుకోవడం ఉంది. ఇల్లాలు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఇంటి దగ్గర జరిగింది తర్వాత ఆయనా, మా ఆవిడా చెప్పారు. తలుపు తీసేసరికి మా ఆవిడకి తెల్ల పంచె, బొట్టు, గొడుగు కనిపించాయి. వీర్రాజుగారి వేషమే అంత, ఆయనేం చేస్తాడు!

"అమ్మగారూ, అయ్యగారు పంపించారండి. గ్లాసులో కట్టుడు పళ్ళున్నాయట, తెమ్మన్నారండి."

"ఆనవాలు చెప్పండి."

"పట్టిసీమ లాంచిలో తమరు భయపడి అయ్యగారి కండువా పట్టుకున్నారటండి."

"ఎవరూ? నేనా?"

"తమరేనండి. అయ్యగారే ధైర్యం చెప్పారటండి." ఈ ముక్క ఆయన సొంతం. మర్యాదస్తుడు కదా, నా గౌరవం ఇంకాస్త పెంచుదామనుకున్నాడట.

మా ఆవిడ తలుపు బార్లా తీసింది. "లోపలికొచ్చి కూర్చోండి, ఎండన పడి వచ్చారు, మజ్జిగ తెస్తాను" అంది. వీధి గదిలో కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది. బయటికొచ్చి తాళం వేసింది.

ఇక్కడ సభలో పాపయ్యగారు మైకు ముందు నన్ను ఆకాశానికెత్తేస్తున్నారు. "మోసగాళ్ళ ఆట కట్టించే ఉపాయం చెప్పడానికి ఇప్పుడు రామ్మూర్తిగారు..." నేను లేచాను. మైకు దగ్గరికెళ్ళి దగ్గాను. మళ్ళీ దగ్గాను. ఎంతసేపని దగ్గను? అంతలో గుమ్మంలో మా ఆవిడ! పక్కన సూర్యనారాయణగారి భార్య. మా ఆవిడ చేతిలో చిన్న స్టీలు డబ్బా.

"దొంగ దొరికాడండీ! మా వీధి గదిలో పెట్టి తాళం వేశాను!"

చప్పట్లే చప్పట్లు! సూర్యనారాయణగారు కుర్చీలోంచి లేచిపోయారు. "నా రేడియో సంగతి అడిగారాండి?"

"అడిగానండి. తెలీదంటున్నాడు. మహా మాటకారి. కిటికీలోంచి మజ్జిగ రెండోసారి కూడా అడిగి పోయించుకున్నాడండి. ఇంతకీ వాడు వెండి అడగలేదు, బంగారం అడగలేదు, మా ఆయన పళ్ళు అడిగాడు!" అని డబ్బా పైకెత్తి చూపించింది. అయిపోయింది, పళ్ళ గుట్టు అక్కడికక్కడే రట్టయింది.

"చూశారా, ఇదీ ఆనవాలు మహిమ! పోలీసులకి కబురు పెట్టండి!" అని పాపయ్యగారు ఒకటే కేకలు. ఎవరో సైకిల్ తాళం కూడా తీశారు.

ఇంక ఊరుకుంటే పెద్దమనిషి స్టేషన్లో కూర్చోవాలి. "వద్దండి, ఆయన్ని నేనే పంపాను" అన్నాను. పళ్ళు లేని నోరు కదా, మాట కంటే గాలే ఎక్కువొచ్చింది. అయినా మైకు మహా మంచిది, ఏ ముక్కా వదల్లేదు.

మా ఆవిడ వేదిక దగ్గరికొచ్చింది. "మీరే పంపితే ఆనవాలు తలకిందులుగా ఎందుకుందండి?"

"ఇంటికెళ్ళాక చెబుతానే."

"కుదరదు. ఒక్క ముక్క తేడా వచ్చినా ఇవ్వనన్నాను. మీరు పెట్టిన పద్ధతే. అసలు ఆనవాలు చెబితే తాళంచెవి ఇస్తాను, లేకపోతే పోలీసులు తీసుకుంటారు."

మొహం పక్కకి తిప్పుకుని మెల్లగా చెబుదామనుకున్నాను. ఆ మైకు ఆపరేటరుకి ఎంత శ్రద్ధండీ, నేను ఎటు తిరిగితే మైకు అటు తిప్పాడు!

"లాంచిలో... నేనే భయపడి... నీ కొంగు పట్టుకున్నాను."

"ఏమన్నారు?"

"నన్ను వదలకే అన్నాను."

"నేనేమన్నాను?"

"వదలనులెండి అన్నావు."

అప్పుడిచ్చిందండి తాళంచెవి, దాంతోపాటు డబ్బా. హాలు హాలంతా కుర్చీల్లో పడి దొర్లుతోంది. వెనక వరసలోంచి మన రేవు బ్యాచీలో ఎవరో, "మరి తాటిముంజలో, రామ్మూర్తిగారూ?" అని అరిచారు. ఎవరో నాకు తెలుసు. నవ్వకండి, మీరే!

తాళం తీయించాక వీర్రాజుగారు సభకి తిరిగొచ్చి, నా మీద కోప్పడనైనా లేదండి. "పద్ధతి గట్టిదండి, నాకే తాళం పడింది, ఇంకేం రుజువు కావాలి? మా ఊళ్ళోనూ పెట్టిస్తాను" అన్నారు. పాపయ్యగారైతే, "ఇంక ఉపన్యాసమెందుకండీ, చేసి చూపించారు" అని శాలువా కప్పి వెండి గ్లాసు చేతిలో పెట్టారు. నిజం చెప్పొద్దూ, రిక్షాలో ఇంటికొస్తుంటే నాకు హాయిగా అనిపించింది. ఇక రేవులో ఈత కబుర్లు చెప్పక్కర్లేదు, పళ్ళకి కండువా అడ్డం పెట్టుకోనక్కర్లేదు. మా ఆవిడ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, "పోనీలెండి, నిజమే చెప్పారు" అంది. ఆ మాటకి నేను పొంగిపోయాను కూడానూ.

ఇక సోమవారం. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళానా, మా ఆవిడ కంచం పెడుతూ అడిగింది.

"గ్లాసు మీద పేరు చెక్కడం అయిందా?"

"ఏ గ్లాసు?"

"నిన్నటి వెండి గ్లాసేనండి. పేరు చెక్కించడానికి కొట్టుకి తెమ్మన్నారని మనిషిని పంపారుగా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆనవాలు అడగలేదుటే?"

"అడక్కుండా ఇస్తానా? ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు. మీరు కొంగు పట్టుకోవడం, వదలకే అనడం, నేను వదలనులెండి అనడం, అన్నీను. మీలా నసగలేదు కూడానూ."

"అది నిన్న మైకులో ఊరంతా విందే!"

"విన్నదని కొత్త ఆనవాలు మీరు చెప్పారా? పద్ధతి మీది, నేనెలా మారుస్తాను?"

"ఎలా ఉన్నాడు?"

"తెల్ల పంచె, బొట్టు, గొడుగు. నిన్న సభకి కూడా వచ్చాడటండి, ముందు వరసలోనే కూర్చున్నాడట. మీ ఉపన్యాసం తనకి చాలా ఉపయోగపడిందని మరీ మరీ చెప్పమన్నాడు."

ఏమాటకామాటే చెప్పుకోవాలండి. ఈ ఊళ్ళో నా మాట అంత శ్రద్ధగా విన్నవాడు వాడొక్కడే!