శాలువా వద్దన్న విశ్వాసమ్మ

మా బడిలో గంట కొట్టేది అటెండరు చిన్న ఈరన్న. కానీ బడి మొదలయ్యేది మాత్రం గంటతో కాదు, వంటషెడ్డులోంచి వచ్చే విశ్వాసమ్మ అరుపుతో.

"ఏయ్, కొళాయి ఇప్పేది ఒకడు, కట్టేసేది ఇంకొకడా? మీ తాత బోరు ఏపిచ్చినాడా ఈడ?"

ఆ అరుపు వినపడిందంటే పొయ్యి అంటుకున్నట్టు, బియ్యం కడిగినట్టు, మధ్యాహ్నానికి పిల్లల కడుపులకు ఢోకా లేనట్టు లెక్క. అది వినకుండా పాఠం మొదలుపెడితే నాకు కూడా ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది.

మాది ఓర్వకల్లు నుంచి లోపలికి, రాళ్లగుట్టల పక్కనున్న హైస్కూలు. విమానాలు మా నెత్తిమీదుగానే దిగుతాయి గానీ, బస్సు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. అందుకని నేను కర్నూలు నుంచి స్కూటీ మీద వస్తాను. నా పేరు శివజ్యోతి, సైన్సు చెప్తాను. శివజ్యోతి మేడమ్‌కు కోపం ఎక్కువని పిల్లలంటుంటారు. రోజూ విశ్వాసమ్మ తిట్లు తింటూ కూడా నన్ను ఆ మాట అంటారంటే ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

విశ్వాసమ్మకు ఇప్పుడు యాభై దాటింది. భర్త శాంతయ్య, కాస్త మెట్టభూమి. వాన పడితే వేరుశనగ వేస్తారు, పడకపోతే ఆకాశం వైపు చూస్తారు. బడిలో మధ్యాహ్న భోజనం మొదలైన కొత్తలో, అంతమందికి వండడం మా వల్ల కాదని అందరూ తప్పుకుంటే, ఈమె కొంగు దోపుకొని ముందుకొచ్చిందట. ఆమె చేతి వంట తినకూడదని కొన్ని ఇళ్లవాళ్లు పిల్లలకు క్యారియర్లు కట్టి పంపేవాళ్లట. విశ్వాసమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఆమె జీవితంలో నోరు మూసుకున్న సందర్భం అదొక్కటేనని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రోజూ తన పాటికి తాను ఎండుమిరపకాయ, వెల్లుల్లి వేసి తాలింపు పెట్టిందంతే. ఆ వాసన తరగతి గదుల్లోకి పోయింది. ఏడాది తిరక్కముందే క్యారియర్లు రావడం మానేశాయి.

గిన్నె మూత తీసే ముందు కళ్లు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అంటుంది. కళ్లు తెరిచీ తెరవక ముందే "లైన్లో నిలబడండ్రా, తోసుకుంటే గరిటె తిరగేస్తా" అంటుంది. రెండూ ఒకే ఊపిరిలో.

ఈ ఏడాది మాకు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. పుల్లయ్య సారు, ఆత్మకూరు ఆయన. మంచి మనిషి. కాకపోతే శిక్షణకు పోయొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మోసుకొస్తాడు. ఈసారి కడపకు పోయొచ్చి "కృతజ్ఞతా వారం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సిలబసు పూర్తికాక నేను చస్తుంటే ఇదొకటి! పిల్లలంతా వారం రోజులపాటు, ఎవరు ఏ సాయం చేసినా "థ్యాంక్యూ" అనాలట. మొదటిరోజే ఆరో తరగతి పిల్లాడొకడు పళ్లెం పట్టుకుని "థ్యాంక్యూ పెద్దమ్మా" అన్నాడు. విశ్వాసమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఏందిరా ఆ మాట? నేనేమన్నా పరాయిదాన్నా? తిను. సాలకపోతే మళ్లా రా."

ఆ వారంలోనే సారు ఇంకో పని పెట్టాడు. ప్రతి తరగతికీ వెళ్లి, "ఎవరు రోజూ చేసే పని వల్ల మీ రోజు బాగా గడుస్తోంది?" అని అడగాలి. ఎక్కువమంది ఎవరి పేరు చెబితే వాళ్లకు స్టేజీ మీద సన్మానం. నేను తొమ్మిదో తరగతికి ధీమాగానే పోయాను. ఆదివారాలు కూడా వచ్చి పాఠాలు చెప్పిన మనిషిని కదా! క్లాసు లీడరు స్తుతి లేచి నిలబడి, తడుముకోకుండా "పెద్దమ్మ, మేడం" అంది. వెనకాల క్లాసంతా "పెద్దమ్మే, పెద్దమ్మే" అని బెంచీలు చరిచింది. లోపల చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది గానీ, కాదనడానికి నాకూ నోరు రాలేదు. పదో తరగతికి పోయిన పుల్లయ్య సారు రుమాలుతో ముఖం తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఈడా అదే పేరు మేడం," అన్నాడు. తన పేరు ఒక్కడైనా చెప్తాడని ఆశపడ్డట్టున్నాడు, పాపం.

సన్మానం మంగళవారం భోజనాల ముందు అనుకున్నాం. విశ్వాసమ్మకు ముందే తెలియకూడదనుకున్నాం. కృతజ్ఞత చూపించాలంటే మా టీచర్లకు వచ్చింది ఒక్కటే: శాలువా, పూలదండ. కర్నూల్లో నేనే స్వయంగా వెతికి, మెరూన్ రంగు శాలువా తెచ్చి సారు బీరువాలో పెట్టాను. అయితే ఒక సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. మా బడి స్టేజీ మీద అప్పటిదాకా శాలువా కప్పించుకున్నవాళ్లంతా వెళ్లిపోయినవాళ్లే. పాత హెడ్మాస్టరు రిటైరైనప్పుడు కప్పాం. డ్రాయింగు సారు బదిలీ అయినప్పుడు కప్పాం. ఉన్నవాళ్లకు ఎన్నడూ కప్పలేదు.

చిన్న ఈరన్న నోట్లో నువ్వుగింజ నానదు. బీరువా తుడుస్తూ శాలువా చూశాడు. శుక్రవారం సాయంత్రం తిన్నగా వంటషెడ్డుకు పోయాడు. ఆ మాటలు తర్వాత వాడే నాకు చెప్పాడు, చెవులు పట్టుకుని.

"పెద్దమ్మా, నీ కోసరం శాలువా తెచ్చినారు. మంగళారం కప్పుతారంట. దండ గూడా ఉండాది. ఎవరికీ చెప్పద్దన్నారు."

"నాకేమిటికప్పా శాలువా?"

"ఏమో, పెద్దోళ్లు ఏమనుకున్నారో."

అంతే, ఆమె గుండెలో రాయి పడింది. దసరా తర్వాత పక్కూరి బడిలో వంటామెను మార్చారు. ఇకమీదట అన్ని బళ్లకూ ఒకేచోట వండి వ్యాన్లలో పంపుతారని ఊళ్లో పుకారు కూడా ఉంది. ఇప్పుడు శాలువా వచ్చింది. అంటే తన పొయ్యి ఆర్పేస్తున్నారని ఆమె ఖాయం చేసుకుంది.

శనివారం పొద్దున నేను గేటు దగ్గర స్కూటీ ఆపేసరికి బడి నిశ్శబ్దంగా ఉంది. అరుపు లేదు. ఎనిమిదో తరగతి వాడొకడు, చూద్దాం అని కావాలనే కొళాయి వదిలేశాడు. విశ్వాసమ్మ మెల్లగా వచ్చి, కట్టేసి, వాడి తల నిమిరి పోయింది. ఆ పిల్లాడు హడలిపోయి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, పెద్దమ్మకు జొరమొచ్చిండాది. తిట్టల్యా!"

ఆ రోజు చక్కెర పొంగలిలో నెయ్యి ఘుమఘుమలాడింది. ఆ నెయ్యి ఆమె ఇంటి నుంచి తెచ్చింది. సోమవారం కూరలో తమ చేని వేరుశనగలు వేయించి, పొడి కొట్టి చల్లింది. పిల్లలు పళ్లేలు నాకేశారు. సన్మానం సంగతి ఎలాగో తెలిసిపోయి సంతోషంలో ఇలా చేస్తోందని నేను అనుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి! ఆమె మాత్రం, పోయేలోపు నా చేతి రుచి పిల్లలకు గుర్తుండిపోవాలి అనుకుంటోంది.

సోమవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూం గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, ఈపొద్దు కూర ఎట్లుండె?"

"అమృతంలా ఉంది విశ్వాసమ్మా."

"ఉప్పు సరిపోయిండెనా?"

"అన్నీ సరిపోయాయి."

"మరి ఏమిటికి మేడం?" అంది. తనకెందుకు సన్మానమని సిగ్గుపడుతోందనుకున్నాను నేను.

"అది రేపు తెలుస్తుందిలే. ఈరోజు అడగొద్దు," అని నవ్వాను. ఆమె నా నవ్వు కేసి చూసి, వెనక్కి తిరిగి షెడ్డుకు వెళ్లిపోయింది.

మంగళవారం పిల్లలంతా స్టేజీ ముందు నేల మీద కూర్చున్నారు. ఆ రోజు చిత్రాన్నం. తాలింపు వాసనకు ఒక్కడికీ సారు ప్రసంగం తలకెక్కడంలేదు. విశ్వాసమ్మను పిలుచుకు రమ్మని స్తుతిని పంపాం. పోయిన పిల్ల ఒక్కతే తిరిగొచ్చింది.

"షెడ్డుకు బీగమేసి ముందర కూసోనుండాది మేడం. రానంటాంది."

నేను పోయాను. తాళంచెవి కొంగున ముడేసుకుని, చేతిలో గరిటెతో గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగ వల్ల అనుకున్నాను. నిజం చెప్తున్నాను, అప్పటికీ నా బుర్ర వెలగలేదు.

"రా విశ్వాసమ్మా, అందరూ నీ కోసమే కూర్చున్నారు."

"తెలుసు మేడం. రాండి, పోదాం. నేను గూడా నాలుగు మాటలు మాట్లాడాల."

గరిటె వదలకుండానే స్టేజీ ఎక్కింది. పుల్లయ్య సారు శాలువా విప్పుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆమె చేయి అడ్డం పెట్టి, ఆయన చేతిలో మైకు లాగేసుకుంది.

"ఆ శాలువా ఆడనే పెట్టండి సార్. నేను కప్పుకోను. దీన్ని కప్పిచ్చుకున్నోళ్లు ఎవరన్నా మళ్లా ఈ గేటు లోపలికి వచ్చినారా? పాత పెద్దసారు వచ్చినాడా? డ్రాయింగు సారు వచ్చినాడా? నన్ను తీసేయాలనుకుంటే తీసేయండి. ఏం తప్పు చేసినానో ఈ బిడ్డల ముందర చెప్పి తీసేయండి. నా కూతురు పెండ్లినాడు గూడా ఈ గిన్నె దించినాకనే పందిట్లోకి పోయినా. అన్నంలో రాయి వచ్చిందని ఒక్కడన్నా అన్యాడా? వ్యాన్లో వచ్చేలోపల అన్నం సల్లారిపోదా సార్? నా బిడ్డలకు సల్లన్నం పెడతారా?"

ముందు వరసలో స్తుతి ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని చూసి ఆరో తరగతంతా అందుకుంది. నా తల మీద బిందెడు చన్నీళ్లు గుమ్మరించినట్టయింది. శుక్రవారం నుంచి ఈ మనిషి ఎంత బెంగ కడుపులో పెట్టుకుని మాకు నెయ్యి పోసి వండిందో అప్పుడు తెలిసింది నాకు. ఎవరు చెప్పారా అని చుట్టూ చూస్తే, చిన్న ఈరన్న స్తంభం వెనక్కి జరుగుతున్నాడు.

"అయ్యో తల్లీ!" అన్నాడు పుల్లయ్య సారు. "నిన్ను తీసేస్తామని ఎవరు చెప్పినారమ్మా? పిల్లలే నిన్ను ఎన్నుకున్నారు. ఈ బడికి నువ్వు గుండెకాయ—"

"డ్రాయింగు సారును గూడా గుండెకాయే అనిరి సార్! ఆ మర్నాడే పాయె ఆయప్ప!"

ఏడుస్తున్న పిల్లలు ఏడుస్తూనే కిసుక్కుమన్నారు. సారు చేతిలోని శాలువాను అటూ ఇటూ మార్చుకున్నాడు. ఆయనకు తెలిసిన మంచి మాటలన్నీ వెళ్లిపోయేవాళ్ల మీద ఎప్పుడో వాడేశాం మేము. ఒట్టు, నిన్నెవరూ పొమ్మనలేదని నేనూ చెప్పాను. ఆమె నమ్మలేదు. నిన్న నవ్వి తప్పించుకున్న నన్ను ఎలా నమ్ముతుంది?

"మాటలొద్దు మేడం," అంది. సారు వైపు తిరిగింది. "ఒక్కటి చెప్పండి సార్ మీరు. రేపు నేనేం వండాల?"

సారు తడబడ్డాడు. "రేపంటే... బుధవారం కదా..." అంటూ నా వైపు చూశాడు. నేను పీటీ సారు వైపు చూశాను. అంతలో స్తుతి లేచి నిలబడింది. ముక్కు తుడుచుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"కూరగాయల అన్నం! ఆలుగడ్డ కుర్మా! గుడ్డు!"

"గుడ్డూ!" అంది బడంతా.

విశ్వాసమ్మ పిల్లల వైపు తిరిగింది.

"బేస్తవారం?"

"సాంబారన్నం!"

"శుక్రారం?"

"ఆకుకూర పప్పు! గుడ్డూ!"

"శనివారం?"

"చక్కెర పొంగలీ!" ఆ కేకకు గుట్ట మీది మేకలు కూడా తలెత్తి చూసుంటాయి.

"మళ్లా... మళ్లా సోమారం?"

"కూర పెద్దమ్మా! శెనక్కాయ పొడి ఏసి!" అన్నాడు కొళాయి వదిలిన ఎనిమిదో తరగతి వాడు. "శానా ఎయ్యాల!"

విశ్వాసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగు తీసేసరికి నవ్వుతోంది.

"మీ నోట్లో మన్ను బడ! శెనక్కాయలు ఊరికే వస్తాయంట్రా?" అంది మైకులోనే. అమ్మయ్య, తిట్టింది! పిల్లలు చప్పట్లు కొట్టిన కొట్టుడుకు నా చెవులు దిమ్మెక్కాయి. నాకు కళ్లు చెమర్చాయి. పొగ లేదక్కడ, సాకు చెప్పడానికి. ఆమె తల వంచి సారు ముందు నిలబడింది.

"కప్పండి సార్, తొందరగా. చిత్రాన్నం సల్లారిపోతాండాది."

దండ వేయించుకుని, తాళం తీసి, శాలువా నడుముకు బిగించి కట్టుకుని ఆ రోజు వడ్డించింది. చిన్న ఈరన్న పళ్లెం దగ్గర మాత్రం గరిటె ఆపి, "కండ్లు శాలువా చూసె, చెవులు మాట సక్కంగా ఇన్ల్యా?" అని వాడి వంశమంతటినీ పిలిచింది. వాడు తల దించుకుని రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

కృతజ్ఞతా వారం ఆ మంగళవారంతో అయిపోయింది. థ్యాంక్యూలు కూడా దాంతోనే పోయాయి. కానీ పిల్లలకు ఒక అలవాటు మిగిలింది. తిని, పళ్లెం కడుక్కుని పోతూ పోతూ, ప్రతివాడూ షెడ్డు ముందు ఆగి "పెద్దమ్మా, రేపేంది?" అని అడుగుతాడు. వారం రోజుల వంటలూ షెడ్డు గోడ మీద మూరెడు అక్షరాలతో రాసే ఉన్నాయి. అందరికీ కంఠతా వచ్చు. అయినా అడుగుతారు. "గోడ మీద రాసిండ్లేదా? కండ్లు యాడ పెట్టుకున్యారు?" అని ఆమె ఒక్కొక్కడినీ తిడుతుంది. తిట్టి, మళ్లీ చెప్తుంది. అంతమందికీ, రోజూ.

నేను కూడా సాయంత్రం స్కూటీ తీసేముందు షెడ్డు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను.

"రేపేంది విశ్వాసమ్మా?"

"మీరు గూడానా మేడం! రేపు రాండి, తెలుస్తాదిలే," అంటుంది, రేపటికి బియ్యం చెరుగుతూ.