సారు మాటకు సగం చేను

మా సారు పోయారని కుప్పం నుంచి ఫోనొచ్చినప్పుడు నేను మదనపల్లె టమోటా మార్కెట్లో ఉన్నాను. చుట్టూ వేలం కేకలు. రెండోసారి చెప్పించుకుంటే గానీ బుర్రకెక్కలేదు.

ఆయన వ్యవసాయ ఆర్థికవేత్త. రైతులు ఏ నేలలో ఏ పంట వేస్తారు, వాన తగ్గితే ఏమవుతుంది, ధర ఎటు పోతుంది, ఇవన్నీ కంప్యూటర్లో లెక్కగట్టి ముందే చెప్పడం ఆయన పని. తొంభైల్లో నేను ఆయన దగ్గర సర్వే ఫారాలు నింపే ఉద్యోగంలో చేరాను. పుంగనూరు నుంచి గుడుపల్లె దాకా బస్సుల్లో తిప్పారు. ఎంత ఎండలోనూ తెరవని గొడుగొకటి ఆయన చంకలో ఉండేది. ఎందుకు సార్ అది అంటే, వానొస్తుందని చెప్పి నేనే నమ్మకపోతే ఎట్లాగమ్మా అనేవారు.

ఒక ఏడాది కురబలకోట చుట్టుపక్కల పల్లెలన్నిట్లో సారు గట్టిగా చెప్పారు, ఈసారి టమోటా వేయొద్దు, ధర పడిపోతుందని. అందరూ విని వేరుశనగ వేశారు. దాంతో మార్కెట్‌కు టమోటా రావడమే తగ్గి, ధర ఆకాశాన్నంటింది. వేరుశనగేమో వాన లేక ఎండిపోయింది.

వానదే తప్పని రిపోర్టు రాసి ఊరుకుందాం సార్ అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మర్నాడే ఆ పల్లెల్లో ఒకదానికి వెళ్లి, నలుగురినీ పిలిచి, నా లెక్క తప్పింది, నా వల్ల మీరు నష్టపోయారు అని చెప్పారు. మునెమ్మ అనే పెద్దామె, రెండెకరాల రైతు, లేచి అడిగింది.

"నీ లెక్కలో వాన ఉండాది, ధర ఉండాది. నీ మాట మేమందరం ఇంటామనేది యాడుండాది సారూ?"

సారు ఆ మాట ఫారం వెనక రాసుకున్నారు. ఇన్నేళ్లు చదివి నేను వదిలేసింది ఆమె పట్టుకుందమ్మా అని బస్సులో దారి పొడుగునా అదే మాట. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత ఆయన లెక్కలో 'విన్నవాళ్లు' అని ఒక వరుస చేరింది. రైతులకు మాత్రం ఒకటే చెప్పేవారు: సగం చేను నా మాటకు, సగం మీ బుద్ధికి. ఏటా నాట్లకు ముందు తనే వెళ్లి తన మాట చెప్పొచ్చేవారు. ఒక్కోసారి ఆయన సగం గెలిచేది, ఒక్కోసారి వాళ్లది. వాళ్లది గెలిస్తే ఏం చూసి వేశారో చెప్పమని వాళ్ల ప్రాణం తీసేవారు.

కర్మలయ్యాక మునెమ్మకు చెప్పి రావాలని నేనే వెళ్లాను. చేలోనే ఉంది. నన్ను చూసి, నా వెనక సారు కోసం చూసింది. చేలో ఒక పక్క టమోటా నారు నాటేసి ఉంది. రెండో పక్క దున్ని, సాళ్లు తీసి, ఖాళీగా ఉంది.

"అదును దాటిపోతాండాది పాపా. ఆ పక్క సారు మాట కోసరం పెట్టుండాను. ఏమెయ్యమన్నాడు?"

ఫోనొచ్చిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. గట్టు మీద కూలబడ్డాను. ఎదురుగా ఆ సగం చేను, తడిపిన సాళ్లతో, అట్లాగే ఉంది.