ఆకివీడులో ఆగని కంప్యూటర్

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ఒక ల్యాబులో నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ళలో మా బ్రాంచిలు ఉండేవి. ఎక్కడ పరీక్ష చేసినా ఫలితం అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒకే డేటాబేసులో చేరేది. ఆ డేటాబేసు మూడు మెషిన్లలో సర్ది ఉండేది. ఏ మండలం ఫలితాలు ఏ మెషిన్లోకి వెళ్ళాలో చెప్పే పట్టిక ప్రతి బ్రాంచి కంప్యూటర్లోనూ ఉండేది. రైతులు తమ చెరువు సంగతి ఫోన్లో చూసుకునేవారు.

ఒక ఉదయం, చెరువు కౌలుకి చేస్తున్న ఒకావిడ ఫోన్ చేశారు.

"ఏంటండీ, మా చెరువు నీళ్ళలో అమోనియా వారం నుంచీ అదే అంకె చూపిస్తోంది? అది పెరిగితే రొయ్య చచ్చిపోతుంది కదండీ. శాంపిలు ఇస్తూనే ఉన్నామండి. రొయ్య మేత సరిగా తినట్లేదు. నీళ్ళు బాగుంటే ఇంకో వారం ఉంచుతాం, లేదంటే రేపే రొయ్య పట్టించి అమ్మేస్తాం. ఏదో ఒకటి చెప్పండి."

ఆవిడ శాంపిళ్ళు ఇచ్చే ఆకివీడు బ్రాంచికి ఫోన్ చేశాను. కౌంటర్లో ఆయన చిరాకుపడ్డాడు.

"ఎక్కించామండీ బాబూ. సేవ్ అయిందని కూడా వచ్చింది. మళ్ళీ ఎక్కించమంటారా?"

"వద్దండి. మళ్ళీ పోయిన చోటికే పోతుంది."

డేటాబేసుల గురించి నేను కాలేజీలో చదువుకోలేదు. గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడి చదివాను. అక్కడ ఒంటబట్టిన సంగతి ఒకటి ఉంది: సేవ్ అయిందని జవాబు వస్తే, ఎక్కడో సేవ్ అయ్యే ఉంటుంది. మూడు మెషిన్లనూ విడివిడిగా వెతికాను. ఆవిడ చెరువు అంకెలు పాత మెషిన్లో దొరికాయి, ఒకదాన్ని మించి ఒకటి పెరుగుతూ.

ఆ మండలాన్ని అంతకు వారం ముందే కొత్త మెషిన్‌కి మార్చాం. ఫోన్లు కొత్తదాన్నే చూస్తున్నాయి. బ్రాంచి ప్రోగ్రాం మాత్రం మొదలైనప్పుడు తెచ్చుకున్న పట్టికనే ఆగేదాకా వాడుతుంది. మిగతా ఊళ్ళలో కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్లు మళ్ళీ మొదలై కొత్త పట్టిక తెచ్చుకున్నాయి.

ఆకివీడుకి మళ్ళీ ఫోన్ చేశాను. "మీ సిస్టమ్ చివరిసారి ఎప్పుడు ఆపారండి?"

"ఆపడమా? మా ఇన్వర్టర్ సంగతి మీకు తెలీదేంటండీ! మీ భీమవరంలో ఆగుతాయేమో గానీ, మా దగ్గర ఆగదు."

"ఒక్కసారి ఆపి, మళ్ళీ ఆన్ చేయండి. ఇన్వర్టర్‌కి చెప్పకండి, బాధపడుతుంది."

అంకెలు సరైన చోటికి మార్చేలోగా ఆవిడకి ఫోన్లోనే చదివి వినిపించాను. మధ్యలోనే ఆపేశారు.

"చాలండి. రేపే పట్టించేస్తాం, రొయ్యకి ఐసు చెప్పుకోవాలి," అని పెట్టేశారు.

మధ్యాహ్నానికి అన్నీ కొత్త మెషిన్లో చేర్చి సరిచూశాను. మర్నాడు పొద్దున్నే చెరువు పట్టేశారు. రొయ్య కాస్త చిన్నదే గానీ, అంతా బతికుండగానే బయటికి వచ్చిందని ఆకివీడాయన చెప్పాడు.