వాల్చి పాతిన గూటం

2023. మిరపకి మందు కొట్టే రోజులు. నరసరావుపేటలో లేత్ షాపులకి డ్రాయింగులు గీసి, కొలతలు లెక్క కట్టడం నా పని. చదువు పెద్దగా లేదు, లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. పేటెంట్ కావాలనుకునేవాళ్ళు కూడా ముందు నా దగ్గరికే వస్తుంటారు, దరఖాస్తు నిలుస్తుందో లేదో కనుక్కోవడానికి.

ముప్పాళ్ళ దగ్గర మిరప వేసే నాగమణి ఒక ఇనప గూటం తెచ్చింది. స్ప్రేయర్ పైపు లాగుతుంటే చేను మూలల్లో మొక్కల మీద పడి కొమ్మలు విరిచేస్తుంది. అక్కడ గూటం పాతి పైపుని చుట్టూ తిప్పితే, లాగేకొద్దీ పైకి పాకి దూకేస్తుంది. నాగమణి గూటాన్ని పైపు లాగే వైపుకి కాక వెనక్కి వాల్చి, అడుగున గిలక పెట్టింది. ఎంత లాగినా పైపు కిందికే జారి గిలకలో కూర్చుంటుంది.

పేటెంట్‌కి వస్తువు కొత్తదైతే చాలదు. ఆ పని తెలిసినవాడికి తేలిగ్గా తట్టేది కాకూడదు. దాన్నే ఇన్వెంటివ్ స్టెప్ అంటారు.

"గూటం వాల్చినందుకు పేటెంట్ ఏందమ్మా? మేకని కట్టేసే గూటం కూడా ఇట్టాగే పాతుతారుగా" అన్నాను.

"మేకలు చానా మందికి ఉన్నాయన్నా. మరి పైపుకి ఎవరూ ఎందుకు పాతలా?"

"పట్టించుకోలా."

"నీకెప్పుడన్నా తట్టిందా?"

"నాకా అవసరం పడలా" అన్నాను.

అది అబద్ధం. ఒక షాపు అడిగితే అంతకుముందు రెండేళ్ళు ఇదే ఇబ్బంది మీద కుస్తీ పట్టాను. పైపు దూకుతుంటే గూటం ఎత్తు పెంచాను, మళ్ళీ పెంచాను. వాల్చాలని తట్టలేదు. ఆమె చూపించాక మాత్రం ఎప్పటినుంచో తెలిసినట్టే అనిపించింది.

నా మాట నమ్మి ఆమె దరఖాస్తు వేయలేదు. ఇక దాచేదేముందని రైతులకి చూపించింది. ఎవరో వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. సీజన్ తిరక్కుండానే లేత్ షాపులు అవే చేసి అమ్మడం మొదలెట్టాయి. అప్పుడు ఆమె నన్ను వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో పేటెంట్ ఏజెంట్ దగ్గరికి వెళ్ళింది.

"ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ప్రయత్నించి చెయ్యలేకపోయారా?" అని ఆయన అడిగాడు.

"నేనే, సార్" అన్నాను.

"ఇన్వెంటివ్ స్టెప్‌కి అంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? కానీ వీడియో బయటికొచ్చేసింది. కొత్తదనం పోయినట్టే. ఇప్పుడు వేసినా నిలవదు."

మెట్లు దిగుతూ నాగమణి అంది: "ఆ మాట ఆ రోజు నాతో అనాల్సిందన్నా." బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

ఇప్పుడు పేటెంట్ కోసం ఎవరొచ్చినా వాళ్ళ డ్రాయింగ్ బోర్లించి పెట్టమంటాను. ఇబ్బంది ఏమిటో విని, నేనైతే ఎలా చేస్తానో ముందు గీస్తాను. తర్వాతే వాళ్ళది చూస్తాను. చాలాసార్లు నా గీత దాని దరిదాపుల్లో కూడా ఉండదు. పద్ధతి బాగుందని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. నాకు తట్టనిది ఇంకొకరికి తట్టిందంటే ఒప్పుకోలేని మనిషిని కాబట్టి పెట్టుకున్నానని వాళ్ళకి చెప్పను.