పోలరాజు పగ

పోలరాజు బాబాయికి పాములంటే భయం లేదు. పాముల సినిమాలంటే మాత్రం ఒళ్లు మంట. టాటానగర్‌లో గూడ్సు గార్డు. డ్యూటీ లేని రోజు చూసుకుని అలాంటి ప్రతి సినిమాకీ వెళ్లేవాడు, చూడటానికి కాదు, తగువు పెట్టుకోవడానికి.

తెర మీద పాము హీరోయిన్‌గా మారగానే లేచి నిలబడేవాడు.

"పాముకి సీరెవుడిచ్చాడ్రా? కుబుసం ఇడిసినప్పుడు జాకిట్టు కూడా వత్తాదేటి?"

"బైఠ్ జావో చాచా," అని వెనక బెంచీ.

"కూకోను. ముందా నాగస్వరం ఆపమను. సెవుల్లేని జీవికి పాటేటి?"

గేటు దగ్గరుండే బలరామ్ వచ్చి, మర్యాదగా చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయి టీ తాగించేవాడు. ఒక్క పాముల సినిమాకైనా ముగింపేమిటో బాబాయికి తెలియదు.

నాకూ కోపమే. ఈ సినిమాలు తీసేవాళ్లు దీన్ని భక్తి అంటారు. ఎలాంటి భక్తి? హాల్లో తెర మీది పాముకి చిల్లర విసిరి దండం పెట్టినవాళ్లే ఇంటికొచ్చి, గుమ్మంలో కనబడ్డ నీరుకట్టెను ఇటుకలతో చితక్కొట్టేవాళ్లు. ఆపైన దాని కళ్లు కాల్చేవాళ్లు. చంపినవాడి బొమ్మ చచ్చిన పాము కళ్లలో పడుతుందట, జంటపాము అది చూసి పగ తీర్చుకుంటుందట. సినిమా చెప్పింది మరి.

ఒక ఏడాది వానలకి సువర్ణరేఖ పొంగి, భుయ్యాడీహ్‌లో మా ఇళ్లలోకి పాములొచ్చాయి. పక్క వాటా సన్యాసమ్మ బొగ్గుల కుప్పలో జెర్రిపోతును చూసి పారతో ఒక్కటేసింది. బాబాయి దాన్ని తీసుకెళ్లి, దారంతా సినిమావాళ్లని తిడుతూ, ఏట్లో పారేశాడు. పక్కన నేనున్నాను. పాము అప్పటికే చచ్చింది.

కళ్లు కాల్చారా అని తర్వాత ఎవరో అడిగారు. అంతే. సన్యాసమ్మ చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని మంచమెక్కింది. నేల మీద కాలు పెట్టదు, తిండి ముట్టదు. పాలింకిపోయి పిల్ల గుక్కపట్టింది.

బాబాయి వచ్చి మంచం పక్కన గర్జించాడు.

"దాని బుర్ర సెనగ్గింజంత. నిన్న నాతో తగువాడినోడి మొకం నాకే గేపకం నేదు, దానికుంటాదేటి?"

"సినిమాలో సూసినాను మావయ్యా. కంట్లో బొమ్మ తేటగా అగుపడింది."

"ఆ కన్ను గాజుదే తల్లీ."

"నీకేటి తెలుసు? నువ్వొక్కటీ ఆకరిదాకా సూడనేదు."

పిల్ల ఏడుపు ఆగలేదు. బాబాయి మొహం జేవురించింది.

"అయితే ఇను. నువ్వు కొట్టినప్పుడది సావనేదు. ఏటిగట్టున కళ్లు తెరిసి నన్ను సూసింది. నేనే రాయెట్టి సంపీసినాను. బొమ్మ నాది."

"నిజమేనా?"

"బట్టతల, బుర్రమీసం. బాగా పడుంటాది."

ఆయన పళ్లు కొరుక్కున్న చప్పుడు నాకు వినపడింది.

సన్యాసమ్మ మెల్లగా కాళ్లు కిందికి దించింది. గంజి అడిగి తాగింది. పిల్లని రొమ్ముకి హత్తుకుంది. కాసేపటికి ఏడుపు ఆగింది. బాబాయి గుమ్మం దిగబోతుంటే కేకేసింది.

"ఆగు మావయ్యా. అది నీ కోసం తిరగతాదేమో. ఒక్కడివీ ఎలాగెల్తావు?"

పిల్లని చంకనేసుకుని, కర్ర పుచ్చుకుని ముందు నడిచింది. నేల మీద టకటకా కొడుతోంది, గడ్డి కనబడితే రెండు దెబ్బలు ఎక్కువ. వెనకాల తల వంచుకుని బాబాయి. వీధంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడింది.

"కాలెత్తి ఎయ్యి మావయ్యా."

"ఏత్తన్నానే తల్లీ," అని బాబాయి నావైపు తిరిగాడు.

"నువ్వుగానీ నవ్వినావో, సంపేత్తాను."